కాపురం ఉండే ఉద్యోగం

"సాయం అన్నది ఎదిగే పిల్లల వెన్నెముక కింద పెట్టిన దిండు. ఆ దిండు లాగెయ్యండి, దేశం దానంతటదే లేచి నిలబడుతుంది."

మార్బరీ పట్టణ వర్తక సంఘం వారి మార్చి నెల విందులో డ్వైట్ కెసెనిక్ గారు ఈ మాట సెలవిచ్చారు. అప్పటికి కోడి వేపుడు ప్లేట్లు తీసేశారు, తీపి ఇంకా రాలేదు. అందరి చేతులూ ఖాళీగా ఉన్నాయి. అందుచేత చప్పట్లు బాగా మోగాయి.

ఆ మాట ఊళ్లోనే ఆగలేదు. కాలేజీ పిల్లల ఫీజులకు ప్రభుత్వం ఇచ్చే సాయం తగ్గించాలని రాజధానికి ఒక అర్జీ వెళ్లింది. దాని మీద మొదటి సంతకం కెసెనిక్ గారిదే. అర్జీ ఇచ్చి తిరిగి వచ్చాక ఆయన ఓక్ చెక్క మీద "నీ కాళ్ల మీద నువ్వు నిలబడు" అని చెక్కించి, తన భవనం గుమ్మం పక్కన బిగించమన్నారు. నాలుగు మరలు పెట్టి బిగించినవాడు లోయెల్ బైలర్.

ఆ భవనం పేరు సమ్మిట్. అంటే శిఖరం. చుట్టూ నలభై మైళ్ల మేర మొక్కజొన్న, సోయా చేలు తప్ప చిన్న గుట్ట కూడా లేదు. అయిదంతస్తులు, అరవై అపార్ట్‌మెంట్లు, అన్నీ కాలేజీ పిల్లల కోసం కట్టినవే. లోయెల్ అక్కడ ఇరవై రెండేళ్లుగా కాపలాదారు, కుళాయిల వైద్యుడు, తాళాల పెద్ద. నేలమాళిగలో బాయిలర్ పక్కన రెండు గదులు అతనివి. బయట మంచు మోకాలి లోతు పడ్డా ఆ గదుల్లో చొక్కా చేతులు మడుచుకుని కూర్చోవచ్చు. రోజుకి ఇరవై మాటలు మాట్లాడితే లోయెల్‌కి ఆ రోజు గొంతు నొప్పి. అలాంటివాడికి బాయిలర్ మంచి పొరుగు.

మే నెలలో రాజధానిలో సాయాన్ని సగానికి కోసేశారు. కెసెనిక్ గారు ఆఫీసుకి కేకు తెప్పించారు. ఆగస్టులో పిల్లలు సామాన్లతో దిగే వారం వచ్చింది. నిరుడు అరవై అపార్ట్‌మెంట్లూ నిండిన సమ్మిట్‌లో ఈసారి పంతొమ్మిది నిండాయి. ఈ రెండు వార్తలకీ మధ్య మూడు నెలల దూరం ఉంది. కెసెనిక్ గారు వాటిని ఒకదానికొకటి పరిచయం చెయ్యలేదు.

కారణం కనిపెట్టడానికి ఆయన పెద్ద పట్నం నుంచి ఒక నిపుణుణ్ని రప్పించారు. నిపుణుడు రెండు రోజులు తిరిగి, హాల్లో సోఫా రంగు బాగాలేదని తేల్చాడు. సోఫా తీసేసి ఎర్రది వేశారు. కొత్త సోఫాలో కూర్చోవడానికి కూడా ఎవరూ రాలేదు. ఆఫీసు గాజు తలుపు మీద "మూడే మిగిలాయి, త్వరపడండి" అన్న అట్ట మాత్రం ఉండేచోటే ఉంది. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది. వారానికోసారి లోయెల్ దాని దుమ్ము దులుపుతాడు.

సెప్టెంబరు మొదట్లో కెసెనిక్ గారు లోయెల్‌ని పిలిచారు. చేతిలో ఉత్తరం ఉంది.

"మినియాపొలిస్ నుంచి ఒక పెద్ద కంపెనీవాళ్లు వస్తున్నారు లోయెల్. మన ఊళ్లో భవనాలు కొంటారట. 'ప్రస్తుత స్థితి చూడాలి' అని రాశారు. ఫుట్‌బాల్ శనివారం వస్తారు."

ఫుట్‌బాల్ శనివారం అంటే ఏడాదికోసారి పాత విద్యార్థులందరూ ఊళ్లోకి వచ్చిపడే శనివారం. ఆ రోజు పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం ఆట, మధ్యలో ఎక్కడ చూసినా బీన్సు, మాంసం కలిపి ఉడికించిన కారం కూర.

"మంచిదే సార్," అన్నాడు లోయెల్.

"ఏం మంచిది? నలభై ఒక్క ఇళ్లు ఖాళీగా ఉంటే ఏం చూపిస్తాం? నిండుగా కనపడాలి. ఎలా చేస్తావో నాకు తెలీదు. అమ్ముడుపోయిందనుకో, నీ గదులు నీకే ఉండేలా కాయితంలో రాయిస్తాను. పోలేదనుకో, అక్టోబరు ఆఖరుకి బాయిలర్ ఆపి, గొట్టాల్లో నీళ్లు తీసేసి, తాళం వేస్తాను. ఉన్న పంతొమ్మిదిమందినీ నా పాత ఇళ్లలో సర్దేస్తాను."

"నేనో?"

"నీకు నెబ్రాస్కాలో మీ వదిన ఉందిగా."

ఉంది. వదిన ఒక్కతే అయినా ఆ ఇంట్లో ఎనిమిది గొంతులు. ఏడు చిలకలవి. వాటికి వదినే మాటలు నేర్పింది. అన్నన్ని మాటలూ నేర్పింది.

లోయెల్ మొదట తనకి తెలిసిన పని చేశాడు. ఖాళీ ఇళ్లన్నిట్లో దీపాలు పెట్టి, వాటంతటవే వెలిగి ఆరేలా గడియారపు మీటలు బిగించాడు. మనిషి చేసే పని ఏదైనా సరిగ్గా చెయ్యాలన్నది అతని పట్టుదల. అందుకని నలభై ఒక్క మీటలూ చర్చి గంటతో సరిచూసి పెట్టాడు. సాయంత్రం ఆరు కొట్టగానే నలభై ఒక్క కిటికీలు ఒక్క క్షణంలో కళ్లు తెరిచాయి. తొమ్మిదికి ఒక్క క్షణంలో మూశాయి. మర్నాడూ అంతే.

మూడో రోజు ఎదురు వరసలోని క్షౌరశాలాయన రోడ్డు దాటి వచ్చాడు.

"ఏం లోయెల్, ఈ ఏడు సైన్యాన్ని దించారా లోపల?"

"పిల్లలే."

"మా వాడికి ఇరవై ఏళ్లు. గొడ్డలితో లేపినా ఒక టైముకి లేవడు. మీవాళ్లు దీపం ఆర్పడానికి కూడా బూర ఊదుతున్నట్టున్నారే."

ఈ సంగతి కెసెనిక్ గారి చెవిన పడింది. "దీపాలు చాలవు. మనుషులు కావాలి," అన్నారు.

మనుషులు ఎక్కడ ఉన్నారో లోయెల్‌కి తెలుసు. బట్టలు ఉతికే గదిలో ఒకరు ఉన్నారు. పేరు రోవెనా. నిరుడు రెండో అంతస్తులో 214లో ఉండేది. పశువుల డాక్టరు కావాలని చదువుతోంది. సాయం సగమయ్యాక ఇల్లు ఖాళీ చేసి, డెబ్బై మైళ్ల అవతల తండ్రి పొలం నుంచి పాత ట్రక్కులో రోజూ వచ్చిపోతోంది. మధ్యాహ్నం ఉతుకు యంత్రాల పక్కన కూర్చుని రొట్టె తినేది. అక్కడ వెచ్చగా ఉంటుంది. ఆమె అక్కడ ఉన్నట్టు లోయెల్ నెల రోజులుగా చూడలేదు. చూడకుండా ఉండడానికి ఆ గదిలోకి వెళ్లేముందు గట్టిగా దగ్గేవాడు.

ఆ రోజు దగ్గలేదు.

"అమ్మాయ్, నీకో ఉద్యోగం ఉంది."

రోవెనా రొట్టె దాచబోయి ఆగింది. "ఏం ఉద్యోగం తాతా?"

"214లో ఉండాలి."

"ఉండి?"

"ఉండాలంతే. బాల్కనీలో రోజుకి రెండు గంటలు కనపడాలి. తువ్వాళ్లు ఆరేయాలి. వారానికోసారి రొట్టె మాడ్చాలి. మెట్ల మీదకి వాసన రావాలి."

ఆమె రొట్టె ఒళ్లో పెట్టుకుంది. "నిరుడు నేను ఇవన్నీ చేశాను కదా. రొట్టె వారానికి రెండుసార్లు మాడేది. అప్పుడు నేనే మీకు డబ్బు కట్టాను."

"అప్పుడు నువ్వు అద్దెకున్నావు. ఇప్పుడు కొలువులో ఉన్నావు."

"జీతం ఉందా?"

లోయెల్ ఆలోచించాడు. గుమ్మం బయట పిజ్జా పెట్టెలు లేని కాలేజీ భవనాన్ని ఎవరూ నమ్మరు. పెట్టెలు కావాలంటే పిజ్జాలు కావాలి. ఈ తర్కం కెసెనిక్ గారికి కూడా నచ్చింది. వారం వారం తిండి ఖర్చు మంజూరైంది. ఆయన దాన్ని అలంకరణ కింద రాసుకున్నారు.

రోవెనా వెనక ఇంకొకరు వచ్చారు, ఆ వెనక ముగ్గురు, ఆ వెనక ఒక వరస. కార్లలో పడుకుంటున్నవాళ్లు, మిత్రుల సోఫాల మీద రోజులు నెట్టుకొస్తున్నవాళ్లు, ఇక చదువు మానేద్దామని పెట్టె సర్దుకున్నవాళ్లు. అందరిదీ ఒకటే జబ్బు. దిండు లాగేశారు.

వరస చూసి కెసెనిక్ గారికి ఉత్సాహం పుట్టింది. గిరాకీ ఉన్నచోట ఆయనకి నియమాలు పుట్టుకొస్తాయి.

"ఎవరిని పడితే వాళ్లని తీసుకోకు లోయెల్. బాగా చదివే పిల్లలున్న భవనానికి ధర ఎక్కువ పలుకుతుంది. మార్కులు చూడు. మరీ డబ్బున్న ఇంటి పిల్లలు వద్దు, వాళ్లు శనివారం ఊరెళ్లిపోతారు. అవసరం ఉన్నవాళ్లయితే కదలరు. వాళ్ల అమ్మానాన్నల ఆదాయం ఎంతో రాయించుకో. ఎందుకు ఇక్కడ ఉండాలనుకుంటున్నారో సొంత మాటల్లో ఒక పేజీ రాయమను. ఒక ఫారం తయారుచెయ్యి."

"ఫారం ఉంది సార్."

"ఎక్కడ?"

లోయెల్ అట్టపెట్టెల కోసం అప్పుడప్పుడు కాలేజీ వెనకవైపు చెత్త దగ్గరికి వెళ్తాడు. సాయం సగమయ్యాక అక్కడి సాయం ఆఫీసులో సగం బల్లలు ఖాళీ అయ్యాయి, పాత ఫారాలు కట్టలు కట్టలుగా బయటికొచ్చాయి. మార్కులు, ఆదాయం, ఒక పేజీ సొంత మాటలు, కింద సంతకం. కెసెనిక్ గారు అడిగినవన్నీ అడిగిన వరసలోనే ఉన్నాయి. లోయెల్ నెమ్మదిగా చదువుతాడు. కానీ చదువుతాడు. ఆ ఫారం మొదటి గీత నుంచి ఆఖరి గీత దాకా ఒక సాయంత్రమంతా కూర్చుని చదివాడు.

"ముద్రణ ఖర్చు ఎంత?" అని అడిగారు కెసెనిక్ గారు.

"లేదు."

"బాగుంది. పైన ఏముంది?"

"ప్రశ్నలున్నాయి. సంతకం ఇక్కడ."

సంతకం ఒక చిన్న గీత మీద పెట్టాలి. ఆ గీత కింద ఇంకా చిన్న అక్షరాలున్నాయి. చిన్న అక్షరాలు చదవాల్సింది అద్దెకుండేవాళ్లని ఆయన నమ్మకం. నలభై ఒక్క ఫారాల మీద నలభై ఒక్క సంతకాలు పావుగంటలో పెట్టేశారు.

సమ్మిట్ కళకళలాడింది. బాల్కనీల్లో గిటార్లు మోగాయి, సైకిళ్లు గోడలకి ఆనుకున్నాయి, మెట్ల మీద మాడిన రొట్టె వాసన క్రమం తప్పకుండా వచ్చింది. ఎదురుగా పోల్క్ టెర్రస్ అని ఇంకో భవనం ఉంది. అది కూడా ఖాళీయే. దాని యజమాని ఎడ్గర్ పోల్క్ ఏమీ చెయ్యలేదు. కిటికీలు చీకటిగా వదిలేసి, గేటుకి తాళం వేసి, చేపలు పట్టడానికి సరస్సుకి వెళ్లిపోయాడు.

"మనిషికి పట్టుదల ఉండాలి లోయెల్," అనేవారు కెసెనిక్ గారు ఆ చీకటి కిటికీలు చూసినప్పుడల్లా. "చూడు, ఆ పోల్క్ ఎలా ఓడిపోయి కూర్చున్నాడో."

సెప్టెంబరు ఆఖర్లో 305లో ఉండే ప్రెస్టన్ నేలమాళిగలోకి దిగివచ్చాడు. పళ్ల డాక్టరు గారి అబ్బాయి. నెలనెలా ఒకటో తారీఖున అద్దె కట్టే పంతొమ్మిదిమందిలో ఒకడు.

"తాతా, పక్కింటివాడు ఉత్తినే ఉంటున్నాడట. పైగా పిజ్జా కూడా ఇస్తున్నారట. నిజమేనా?"

"అతను ఉంటున్నట్టు నటిస్తున్నాడు."

"నేనూ నటిస్తాను."

"నువ్వు నిజంగా ఉంటున్నావుగా."

"అందుకే బాగా నటిస్తాను. నాకు అనుభవం ఉంది."

లోయెల్ ఫారాల కట్టలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. ప్రెస్టన్ పద్ధతి ప్రకారం ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు కాయితం ఇచ్చి, మంచం మీంచి లేవకుండానే ఖాళీ చేసి, ఫారం నింపి, అదే మంచం మీదకి మళ్లీ వచ్చాడు. తండ్రి ఆదాయం దగ్గర "తక్కువని అంటుంటాడు" అని రాశాడు. వారం తిరిగేసరికి మిగతా పద్దెనిమిదిమందీ అలాగే ఖాళీ చేసి అలాగే వచ్చారు. కెసెనిక్ గారు ఇంకో పంతొమ్మిది సంతకాలు పెట్టారు. ఫారాలు ఎందుకు పెరిగాయో అడగలేదు. దరఖాస్తులు పెరగడం ఆయనకి ఎప్పుడూ శుభవార్తే.

ఆ విధంగా ఫుట్‌బాల్ శనివారం నాటికి సమ్మిట్‌లో అరవైకి అరవై ఇళ్లూ నిండాయి. అద్దె కట్టేవాడు ఒక్కడూ లేడు.

ఆ పొద్దున లోయెల్ మెట్లు రెండుసార్లు తుడిచాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ముందురోజే వదిన ఫోన్ చేసింది. గది సర్దానంది. వెనకనుంచి ఒక చిలక, "రా లోయెల్, రా లోయెల్," అంది. అందుకని మెట్లు మూడోసారి కూడా తుడిచాడు.

మినియాపొలిస్ నుంచి హాల్వర్సన్ గారు వచ్చారు. పొడుగాటి ఆవిడ, బూడిదరంగు కోటు, చిన్న పుస్తకం. కెసెనిక్ గారు ఆమెను అయిదంతస్తులూ తిప్పారు. ప్రతి తలుపు వెనకా చదువు, ప్రతి బాల్కనీలో నవ్వు. మూడో అంతస్తులో కారం కూర ఉడుకుతోంది. 214 దగ్గర ఆమె ఆగి రోవెనాని అడిగారు.

"ఇక్కడ ఉండడం ఎలా ఉందమ్మా?"

"ఇంతకన్నా మంచి చోటు నాకు దొరకదండీ," అంది రోవెనా. నేర్పిన మాట అది కాదు. నేర్పిన మాట మరిచిపోయింది.

ఊళ్లో వాద్యాల చప్పుడు మొదలైంది. ఊరేగింపు బయల్దేరింది. హాలులోని కొత్త సోఫాలో కూర్చుని హాల్వర్సన్ గారు పుస్తకం మూశారు.

"చక్కటి భవనం కెసెనిక్ గారూ. ఇంత నిండుగా ఉన్నది నేనీ రాష్ట్రంలో చూడలేదు."

కెసెనిక్ గారు వినయంగా తల వంచారు.

"అందుకే మాకు పనికిరాదు," అన్నారు ఆమె.

"అదేంటండీ?"

"మేం పిల్లల భవనాలు నడపం. ఫీజుల సాయం పోయిన ఊళ్లలో ఇవి ఖాళీ పడతాయి. ఖాళీవి కొని పెద్దవాళ్లకి నివాసాలు చేస్తాం. మీ ఊళ్లో సాయం పోవాలని ఎవరో ఉపన్యాసమిచ్చారని పేపర్లో చదివి, అప్పుడే ఇటు చూడ్డం మొదలుపెట్టాం. పొద్దున ఎదురుగా ఉన్న పోల్క్ టెర్రస్ కొనేశాం. ఎంత ప్రశాంతంగా ఉందో. ఇది కూడా అలాగే ఉంటే మీ మాట కాదనేదాన్ని కాదు."

బాయిలర్ ఆగిపోయిన చప్పుడు లోయెల్‌కి అప్పుడే వినపడింది. బాయిలర్ నడుస్తూనే ఉంది.

కెసెనిక్ గారు సోఫా అంచుకి జరిగారు. గొంతు తగ్గించారు.

"ఇది కూడా ఖాళీయేనండీ."

ఆమె పైకి చూశారు. పైన ఎవరో గిటారు తప్పు తీగ మీటారు, ఇద్దరు నవ్వారు.

"వీళ్లెవరూ నిజం కాదండీ," అన్నారు కెసెనిక్ గారు.

మెట్లు దిగుతున్న రోవెనా ఆగింది. "నన్ను గిల్లి చూడమంటారా?"

"అంటే, ఉన్నారు, కానీ అద్దెకి లేరు. ఒక్కరికీ అద్దె కాయితం లేదు. సాయంత్రానికల్లా పంపించేస్తాను. లోయెల్, ఆ ఫారాలు పట్రా. చూస్తే ఆవిడకే అర్థమవుతుంది."

లోయెల్ నేలమాళిగలోకి దిగాడు. ఫారాల పెట్టె చేతుల్లోకి తీసుకుని బాయిలర్ వైపు ఒకసారి చూశాడు. పైకి వచ్చి పెట్టెను సోఫా ముందు బల్ల మీద పెట్టాడు.

హాల్వర్సన్ గారు మొదటి ఫారం తీసి పైనుంచి కిందిదాకా చదివారు. చిన్న అక్షరాలు చదివే అలవాటు ఆమెకి ఉంది.

"'కాలేజీ విద్యార్థుల ఆర్థిక సాయానికి దరఖాస్తు. మంజూరు చేయువారు: డ్వైట్ కెసెనిక్. ఈ మంజూరు విద్యా సంవత్సరం ముగిసేవరకు రద్దు చేయబడదు.'" ఆమె కళ్లెత్తారు. "ఇలాంటివి ఎన్ని?"

"అరవై," అన్నాడు లోయెల్.

కెసెనిక్ గారి మొహం కొత్త సోఫా రంగులోకి తిరిగింది. "లోయెల్. పైన ఏముందని అడిగానా లేదా?"

"ప్రశ్నలున్నాయన్నాను సార్. ఉన్నాయి."

సరిగ్గా అప్పుడే ఊరేగింపు గుమ్మం ముందుకి వచ్చింది. అయిదంతస్తుల బాల్కనీల నుంచి పిల్లలు కేకలు పెడుతుంటే కాలేజీ అధ్యక్షురాలు తెరిచిన కారు ఆపించి, వాళ్లని పలకరిద్దామని లోపలికి వచ్చింది. బల్ల మీద ఫారాలు చూసింది. అవి ఆమె కాలేజీవే. దూరం నుంచే గుర్తుపట్టింది. ఒకటి తీసింది, రెండోది తీసింది, పదోది తీసేసరికి కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

"కెసెనిక్ గారూ, మీరు సాయానికి వ్యతిరేకమని ఊరంతా అనుకుంటోంది. లోపల మీరు చేస్తున్నది ఇదా? అరవైమందికా? ఎవరికీ చెప్పకుండానా?"

కెసెనిక్ గారు హాల్వర్సన్ గారి వైపు చూశారు. ఆమె పుస్తకం కోటు జేబులో పెట్టుకుంటున్నారు. కాదంటే, కొనేవాళ్లని మోసం చెయ్యడానికి మనుషుల్ని పెట్టానని ఊరంతటి ముందు చెప్పుకోవాలి. ఔనంటే, ఊరేగింపు కారులో చోటుంది. ఆయన వెన్నెముక నిటారుగా చేసుకున్నారు.

"కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదనుకున్నానమ్మా," అన్నారు.

ఎడమచేతికే కాదు, కుడిచేతికీ తెలియదని లోయెల్ అనుకున్నాడు. అనలేదు. ఆ రోజుకి ఇరవై మాటలు అయిపోయాయి.

ఆట సగమయ్యాక మైదానం మధ్యలో కెసెనిక్ గారికి ఒక ఫలకం ఇచ్చారు. ఏటా ఇరవై వేలమంది లేచి నిలబడేది గోలు కోసమే. ఈసారి ఆయన కోసం నిలబడ్డారు. ఎడ్గర్ పోల్క్ ఫలకం అందుకోలేదు. చేపలు పడుతున్నాడు.

నవంబరులో వర్తక సంఘం విందు మళ్లీ జరిగింది. అదే హాలు, అదే కోడి వేపుడు, అదే మనుషులు. ప్లేట్లు తీసేశాక కెసెనిక్ గారు లేచారు.

"సాయమన్నది ఎదిగే పిల్లలకి వెన్నెముక. దాన్ని విరిచినవాళ్లెవరో నాకు తెలియదు."

తెలిసినవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. తీర్మానం ఏకగ్రీవమైంది. పిల్లల ఫీజుల సాయం వెంటనే పునరుద్ధరించవలెను. అది వచ్చేలోగా, అద్దెలు పోయిన భవనాల యజమానులకు, వారు తమ కాళ్ల మీద తాము నిలబడేవరకు, ప్రభుత్వం తగిన సాయం చేయవలెను. రాజధానికి వెళ్లే అర్జీ మీద మొదటి సంతకం ఈసారి కూడా ఆయనదే.

మర్నాడు ఆయన సమ్మిట్‌కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. మంచు పడుతోంది. పైన అరవై కిటికీలు, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వెలిగించినవి.

"లోయెల్, ఆ చెక్క తీసెయ్యి."

"బాయిలర్, సార్?"

"మే నెల దాకా దాన్ని ఆపడానికి నాకు వీలుందా?"

"లేదు సార్."

"తెలిసే అడుగుతావే." ఆయన కాలర్ పైకెత్తుకుని వెళ్లిపోయారు.

లోయెల్ నాలుగు మరలూ విప్పాడు. చెక్క మంచిది, పారేయబుద్ధి కాలేదు. బట్టలు ఉతికే గదిలో మూడో యంత్రానికి ఒక కాలు పొట్టి. బట్టలు పిండేటప్పుడు గదంతా గెంతుతుంది. దాని కింద చెక్క తోశాడు. సరిగ్గా సరిపోయింది.

రోవెనా తువ్వాళ్లు వేసి మీట నొక్కింది. యంత్రం కదల్లేదు, గెంతలేదు.

"బాగైపోయిందే తాతా. ఏం పెట్టారు కింద?"

"సాయం," అన్నాడు లోయెల్, చొక్కా చేతులు మడుచుకుంటూ.